వెనక చక్రం వంగిన సైకిళ్లు

మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ పెద్దాయన కుషాయిగూడలో ఉంటాడు. ఇరవై ఏళ్లుగా సైకిల్ మీదే వస్తాడు, సైకిల్ మీదే పోతాడు. పోయిన వానాకాలంలో ఒక తెల్లవారుజామున డ్యూటీ దిగి ఇంటికి వెళ్తుంటే ట్రాలీ ఆటో ఒకటి గుద్ది వెళ్లిపోయింది. కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. చూడ్డానికి వెళ్లినవాళ్లలో సగం మంది ఒకటే మాట అన్నారు: "కొంచెం చూసుకుని తొక్కొద్దా?" నేనూ అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. బయటికి వచ్చాక గోడకు ఆనించిన సైకిల్ చూశాను. ముందు చక్రం నిక్షేపంగా ఉంది. వెనక రిమ్ము బెండై, పుల్లలు ఊడి వేలాడుతున్నాయి. వీపు వైపు నుంచి వచ్చినదాన్ని ఆయన ఎలా చూసుకుంటాడు?

నేనన్న మాటకు నాకే సిగ్గేసింది. నవంబర్‌లో సెలవు పెట్టి, మా తమ్ముడి గేర్ల సైకిల్ తీసుకుని ఆరు రోజులు నగరం తిరిగాను. ఒకే ఊళ్లో ఒక వైపు సైకిల్ తొక్కితే మోచిప్పలు గీసుకుపోతాయి, ఇంకో వైపు తొక్కితే ప్రాణం పోతుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలనిపించింది.

మొదటి రోజు: మల్కాజిగిరి నుంచి చార్మినార్

కావాలనే ఆఫీసుల టైమ్‌కు, ఎనిమిదిన్నరకు బయల్దేరాను. మెట్టుగూడ దాటేదాకా పర్వాలేదు. సికింద్రాబాద్ స్టేషన్ ముందు సిటీ బస్సులు స్టాప్ కోసం ఎడమకు కట్ కొడుతుంటే రెండుసార్లు దిగి నిలబడాల్సి వచ్చింది. రాణిగంజ్ దాటి ట్యాంక్‌బండ్ ఎక్కాక కాస్త ఊపిరాడింది. బషీర్‌బాగ్, ఆబిడ్స్, కోఠి, అఫ్జల్‌గంజ్. నయాపూల్ మీద మూసీ దాటి మదీనా దగ్గరికి చేరేసరికి రోడ్డు అనేది లేదు, మనుషులే ఉన్నారు. తోపుడు బండ్లు, ఆటోలు, బురఖాల్లో షాపింగ్‌కు వచ్చిన ఆడవాళ్లు, నెత్తిన బట్టల మూటలు మోసేవాళ్లు, వాళ్ల మధ్య నుంచి దారి చేసుకునే స్కూటర్లు.

పత్తర్‌గట్టి రాతి కమాన్ల ముందు ఒక బైక్ అద్దం నా హ్యాండిల్‌కు తగిలి పడిపోయాను. మోకాలు గీసుకుంది. గాజుల కొట్టు ముందు కూర్చున్న పెద్దమనిషి నీళ్లిచ్చి, "ఆరామ్ సే, భాయ్" అన్నాడు. బైక్ అబ్బాయి కూడా ఆగాడు. ఆగకుండా పోలేడు, ముందు తోవ లేదు మరి.

ఆ రోజు మొత్తం మీద ఏదో ఒక బండి నన్ను ఐదుసార్లు తాకింది. తక్కిన ఐదు రోజుల్లో కలిపినా అన్నిసార్లు తాకలేదు. అయినా ఆరు రోజుల్లో ప్రాణానికి భరోసా ఉన్న దారుల్లో ఇదొకటని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. అక్కడ కారు కూడా గంటకు పది, పదిహేను కిలోమీటర్లకు మించి పోలేదు. నా సైకిల్‌దీ అదే వేగం. తాకినా తోసినట్టు ఉంటుందే తప్ప గుద్దినట్టు ఉండదు. కళ్లు కళ్లు కలుస్తాయి, చెయ్యి చూపిస్తే ఆగుతారు. పాతబస్తీలో సైకిలా అని భయపెట్టినవాళ్లంతా గందరగోళాన్ని చూసి భయపడ్డారు. నేనూ అంతే.

రాత్రికి మెహదీపట్నంలో పిన్ని వాళ్లింట్లో పడుకున్నాను.

రెండో రోజు: ఆరాంఘర్ దాకా ఒక లెక్క, దాటాక ఇంకో లెక్క

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా నెత్తి మీద పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. 2009లో తెరిచారు, 11.6 కిలోమీటర్లు. ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు పైన, మిగతా లోకమంతా కింద. అత్తాపూర్ వైపు ఇళ్లకు, షాపులకు ఈ వంతెన స్తంభాల నంబర్లే అడ్రసు. "పిల్లర్ నంబర్ ఫలానా దగ్గర దిగు" అంటారు. సైకిల్ మీద వెళ్తుంటే ఆ స్తంభాలతోనే ఇబ్బంది. రెండు స్తంభాల మధ్య సందులోంచి యూటర్న్ తిరిగే బండి సగం బయటికి వచ్చేదాకా మనకు కనపడదు, వాడికి మనం కనపడం.

ఆరాంఘర్ దాటితే 44వ నంబర్ జాతీయ రహదారి. ఇక్కడి నుంచి సైకిల్ తొక్కడమంటే చెవులతో తొక్కడమే. వెనక లారీ చప్పుడు పెరుగుతుంటుంది, పక్క నుంచి పోయేటప్పుడు గాలి ముందు తోస్తుంది, తర్వాత లోపలికి లాగుతుంది. నా వేగం పదిహేను, లారీది అరవై. తేడా నలభై ఐదు కిలోమీటర్లు, అంటే సెకనుకు పన్నెండున్నర మీటర్లు. యాభై మీటర్ల దూరంలో డ్రైవర్ నన్ను చూశాడనుకున్నా మా ఇద్దరి మధ్య ఉన్నది నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ అతను ఫోన్ చూస్తుంటే, రాత్రంతా నడిపి కన్ను మూతపడుతుంటే, నేనెంత జాగ్రత్తగా ఉన్నా ఏం లాభం?

వేగం రెట్టింపైతే గుద్దే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశం లెక్కే చూడండి. 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. దేశంలో ఉన్న రోడ్లన్నిటి పొడవులో జాతీయ రహదారులు వందకు రెండు వంతుల చిల్లర. ఆ చావుల్లో మాత్రం వందకు ముప్ఫై ఆరు వాటి మీదే జరిగాయి.

శంషాబాద్ దాకా వెళ్లాలనుకున్నాను. రోడ్డు అంచున ఇసుక పేరుకుని టైరు జారుతోంది, తప్పించుకుందామంటే లారీల్లోకి వెళ్లాలి. సగంలోనే వెనక్కి తిరిగాను. అదే దారిలో క్యారియర్‌కు పాల క్యాన్లు కట్టుకుని ఒకాయన ఎదురొచ్చాడు. ఆయనకు తిరిగిపోయే వీలు లేదు.

ఆ రాత్రి అన్నాలు తిన్నాక బాబాయ్ తన రోజులు చెప్పాడు. ఆయన బాలానగర్ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. "షిఫ్టు వదిలితే గేట్లోంచి సైకిళ్లు ఏరులా వచ్చేవిరా. లారీవాడు ఇంజన్ ఆపుకుని కూర్చునేవాడు. అప్పుడు మేము వాడికి భయపడలేదు, వాడే మాకు దారిచ్చాడు" అన్నాడు. అమెరికాలో పీటర్ జేకబ్‌సన్ అనే పరిశోధకుడు 2003లో లెక్కలు వేసి చూపించింది ఇదే. ఒక ఊళ్లో సైకిల్ తొక్కేవాళ్లు రెట్టింపైతే ఒక్కొక్కరికి ఉండే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. డ్రైవర్ కళ్లకు సైకిల్ అలవాటవుతుంది. ఇప్పుడు అదే బాలానగర్‌లో ఏం జరుగుతోందో చూడాలనిపించి ఐదో రోజుకు రాసిపెట్టుకున్నాను.

మూడో రోజు: టోలిచౌకి, బయోడైవర్సిటీ, గచ్చిబౌలి

రోడ్లంటే ఇవీ అనిపించేంత బాగున్నాయి. నున్నటి తారు, తెల్ల గీతలు, చెట్లు నాటిన డివైడర్లు. నేను చాలా భయపడిన రోజు కూడా ఇదే.

షేక్‌పేట ఫ్లైఓవర్ కింద నుంచి వెళ్తుంటే పైనుంచి దిగే కార్లు ఎడమ వైపు కలుస్తాయి. అవి ఫ్లైఓవర్ మీది వేగంతోనే దిగుతాయి. ఆ కలిసేచోట సైకిల్‌వాడు ఎక్కడుండాలి? ఎడమ అంచున ఉంటే ఎడమకు మళ్లే కార్లు కోసుకుంటూ పోతాయి, కుడికి జరిగితే దిగే కార్ల ముందు పడతాం. రెండింటి మధ్య గీత మీద ఊపిరి బిగబట్టి తొక్కాను. ఫ్రీ లెఫ్ట్‌లూ అంతే. ఎర్ర లైటు పడినా ఎడమకు తిరిగేవాళ్లు ఆగక్కర్లేదు. వాళ్ల చూపు కుడి నుంచి వచ్చే బండ్ల మీద ఉంటుంది, ముందున్న సైకిల్ మీద ఉండదు.

బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఆగి తల పైకెత్తి చూశాను. 2019 నవంబర్‌లో ఆ పై వంతెన తెరిచిన కొద్ది రోజులకే వేగంగా వచ్చిన కారు ఒకటి మలుపులో అదుపు తప్పి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడ్డ ఒక మహిళ చనిపోయింది. వంతెన మూసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. ఆమె చూసుకుని నిలబడలేదని ఎవరైనా అనగలరా?

అమెరికాలో జనాభా లెక్కన సైకిల్ చావులు బాగా ఎక్కువగా ఉండే రాష్ట్రం ఫ్లోరిడా. మంచు కురవదు, కొండలు లేవు, నేల చదును. సైకిల్‌కు ఇంతకంటే అనువైన చోటు ఉండదు అనుకుంటాం. కానీ అక్కడి ఊళ్లను వెడల్పాటి, నిటారు, వేగం పోయే రోడ్ల చుట్టూ కట్టారు. ఇల్లు ఒక చోట, కొట్టు ఒక చోట, మధ్యలో ఆరు లేన్లు. గచ్చిబౌలి నుంచి కొండాపూర్ వైపు తిరిగినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఫలానా ఏరియాలో సైకిల్ ప్రమాదాలు తక్కువ అని కాగితం మీద కనిపిస్తే మురిసిపోవద్దు. ఆ రోజు మూడు గంటల్లో ఆ రోడ్ల మీద నాకు కనిపించిన సైకిళ్లు పదకొండు. నెదర్లాండ్స్‌లో 2022లో 291 మంది సైకిల్ మీద చనిపోయారు. ఆ అంకె ఒక్కటే చూస్తే అదేదో ప్రమాదకరమైన దేశం అనుకుంటాం. అక్కడ జనం చేసే ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిల్ మీదే, ఎనభై ఏళ్ల అవ్వలు కూడా తొక్కుతారు. ఎంతమంది చనిపోయారన్నదాన్ని ఎంతమంది, ఎంత దూరం తొక్కారన్నదానితో భాగిస్తే కానీ ఏ చోటు ఎలాంటిదో తెలియదు. భయపడి ఎవరూ దిగని చెరువులో ఎవరూ మునగరు.

నాలుగో రోజు: నార్సింగి నుంచి కొల్లూరు

హాయిగా ఉన్న రోజు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సైకిల్ ట్రాక్. 2023 అక్టోబర్ 1న తెరిచారు. రెండు ముక్కలు కలిపి 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైకప్పంతా సోలార్ పలకలు. మధ్యాహ్నం పన్నెండుకు కూడా నీడలో తొక్కాను. వెనక్కి తిరిగి చూడాలన్న ధ్యాసే రాలేదు. భుజాలు వాటంతట అవే వదులయ్యాయి. మూడు రోజులుగా అవి ఎంత బిగుసుకుపోయి ఉన్నాయో అప్పుడు తెలిసింది. వేగంగా పోయే బండిని, నెమ్మదిగా పోయే బండిని విడదీస్తే చాలు, సైకిల్ తొక్కడం ఇంత తేలిక.

ట్రాక్ మొదట్లో కార్లు ఆగి ఉన్నాయి, డిక్కీల్లోంచి సైకిళ్లు దింపుతున్నారు. వాళ్లను తప్పు పట్టను. ఇక్కడి దాకా తొక్కుకుంటూ రావడం ఎంత టెన్షనో నేను చూశాను కదా. కానీ కుషాయిగూడ పెద్దాయనకు ఈ ట్రాక్ ఎందుకు పనికొస్తుంది? స్పెయిన్‌లో సెవిల్ అనే ఊళ్లో 2006 తర్వాత ట్రాక్‌లను విడివిడి ముక్కలుగా కాకుండా ఒకదానికొకటి కలిసేలా కొద్ది ఏళ్లలోనే ఊరంతా వేశారు. ఆఫీసుకు, కాలేజీకి, బజారుకు వెళ్లేవాళ్లు వాటి మీదకు వచ్చారు. మనకూ ఈ 23 కిలోమీటర్లు మొదలు కావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఐదో రోజు: బాలానగర్, జీడిమెట్ల

ఎర్రగడ్డ, మూసాపేట మీదుగా బాలానగర్. బాబాయ్ చెప్పిన సైకిళ్ల ఏరు లేదు. కానీ సైకిళ్లు పూర్తిగా పోలేదు. ఒక్కొక్కటిగా, రోడ్డు అంచును పట్టుకుని, క్యారియర్ మీద టిఫిన్ క్యారేజీతో పోతున్నాయి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎక్కువ. ఎవరి సైకిల్‌కూ లైటు లేదు. ఒంటరిగా, చీకటి పడ్డాక, లారీల మధ్య.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో పంక్చర్ షాపు ముందు గాలి కోసం ఆగాను. అరవై దాటిన మనిషి, ట్యూబును నీళ్ల తొట్టెలో ముంచి బుడగలు చూస్తున్నాడు. నేనెందుకు తిరుగుతున్నానో చెప్పాను. ఆయన లేచి షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. పాత రిమ్ములు కుప్పగా ఉన్నాయి.

"చూడు సార్. వంగినవన్నీ దాదాపు వెనక చక్రాలే. ముందు చక్రం వంగిందంటే వాడే పోయి దేన్నో గుద్దినట్టు. అవి తక్కువ. ఆ రిమ్ములు బాగు చేసి ఇస్తా, మళ్లీ తొక్కుతారు. వెనకది ఇట్ల అయితే సైకిల్ తీసుకోవడానికి చాలాసార్లు వేరే మనిషి వస్తడు."

ఆయన అంతకంటే ఏమీ అనలేదు. నేను కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

లారీల సంగతి కూడా ఆయనే చెప్పాడు. గోడౌన్ గేటు ముందు పొడవాటి లారీ ఎడమకు తిరగాలంటే ముందు కాస్త కుడికి వెళ్తుంది. సైకిల్ కుర్రాడు ఎడమన ఖాళీ దొరికిందని దూరతాడు. డ్రైవర్ ఎత్తున కూర్చుంటాడు, క్యాబిన్ ఎడమ పక్కన కింద ఉన్నవాడు అతనికి కనపడడు. లారీ తిరుగుతుంటే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో పోవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. లండన్‌లో కూడా ఇదే చావు. అందుకే అక్కడ 2021 మార్చి నుంచి 12 టన్నులు దాటిన లారీకి డ్రైవర్ సీట్లోంచి బయట ఎంత కనపడుతుందో చూసి ఇచ్చే పర్మిట్ తప్పనిసరి చేశారు. సైకిల్‌వాడిని దూరొద్దనడం కూడా అవసరమే. కానీ వాడికి చెప్పడంతో సరిపెట్టుకోకుండా లారీని మార్చమన్నారు, అది నాకు నచ్చింది.

"రాంగ్ సైడ్ ఎందుకు పోతారు?" అని ఒక కుర్రాణ్ని అడిగాను. అతను వేలు చూపించాడు. రూము ఎదురుగానే, డివైడర్‌కు అవతల. చౌరస్తా మూసేశారు, యూటర్న్ చాలా ముందుకు ఉంది. పోయి రావడం రెండు కిలోమీటర్ల పైన. కారుకు అది మూడు నిమిషాలు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చినవాడికి అది వేరే సంగతి.

సాయంత్రం బోయిన్‌పల్లి, తిరుమలగిరి మీదుగా ఇల్లు చేరాను. ఆ దారి గురించి చెప్పేదేమీ లేదు, మనసంతా ఆ రిమ్ముల కుప్ప దగ్గరే ఉంది.

ఆరో రోజు: ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్

ఘట్‌కేసర్‌లో మా అక్క ఉంటుంది. ఉప్పల్ దాటాక వంతెన పనుల స్తంభాలు, తవ్విన రోడ్డు, దుమ్ము. అవి దాటాక వరంగల్ హైవే ఒక్కసారిగా విప్పారుతుంది, గుంతల్లో ఆగిపోయిన బండ్లన్నీ ఆ కసితో పరుగెడతాయి. సైకిల్‌కు ఈ మారే చోటే కష్టం. డ్రైవర్ కాలు వేగానికి వెళ్లిపోయి ఉంటుంది, పక్కన ఇంకా ఊరే ఉంటుంది.

మేనల్లుడు ఎనిమిదో తరగతి. సైకిల్ కొనిపెట్టి ఏడాదైంది, గేటు దాటనివ్వదు అక్క. బడి రెండు కిలోమీటర్లు, మధ్యలో హైవే. "నువ్వు చెప్పు మామా" అని వాడు, "నువ్వేమీ చెప్పకు" అని అక్క. నేను ఎవరి వైపూ మాట్లాడలేకపోయాను.

వాడికి నెదర్లాండ్స్ కథ చెప్పాను. ఆ దేశం పుట్టినప్పటి నుంచీ ఇలా లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడా కార్లు పెరిగాయి, రోడ్లు వెడల్పు చేశారు, సైకిళ్లు అంచులకు పోయాయి. 1971లో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. "పిల్లల హత్యలు ఆపండి" అన్నదే ఆ ఉద్యమం పేరు. ప్రమాదాలు అనలేదు, హత్యలు అన్నారు. 1973లో చమురు కొరత వచ్చి కార్లకు ఆదివారాలు సెలవిచ్చారు. ఆ తర్వాత పదుల ఏళ్లు పట్టింది. ఇళ్లున్న వీధుల్లో ముప్ఫైకి మించని వేగం, వేగం తప్పని చోట సైకిల్‌కు వేరే దారి. నార్వేలో ఓస్లో నగరం కూడా వేగాలు తగ్గించి, నడిబొడ్డున కార్ పార్కింగ్ తీసేసింది. 2019లో ఆ నగరం మొత్తంలో సైకిల్ మీద గానీ నడుస్తూ గానీ ఒక్కరు కూడా చనిపోలేదు.

"మన దగ్గర ఎప్పుడు?" అన్నాడు వాడు. అక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

తిరిగి ఇంటికి వచ్చేటప్పటికి చీకటి పడింది. పెద్దాయన డ్యూటీ ఎక్కి గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాలు ఇంకా కొంచెం ఈడుస్తాడు. సైకిల్‌కు కొత్త వెనక చక్రం వేయించుకున్నాడు, పాత మడ్‌గార్డే. పోయినసారి అన్న మాటకు క్షమించమన్నాను. "అయ్యో, అదేం లేదు సార్" అన్నాడు. మడ్‌గార్డుకు ఎర్ర లైటు బిగించాను. ఆ తర్వాత ఇద్దరం సెక్యూరిటీ రిజిస్టర్ వెనక పేజీలో ఆయన దారి గీశాం. మెయిన్ రోడ్డు వదిలేసి, హెచ్‌బీ కాలనీ లోపలి వీధుల్లోంచి, స్పీడ్ బ్రేకర్లున్న చోట్ల నుంచి. దూరం కిలోమీటరున్నర పెరుగుతుంది. ఈసీఐఎల్ దగ్గర ఒక్క చోట మాత్రం మెయిన్ రోడ్డు దాటక తప్పదు, ఎన్ని రకాలుగా గీసినా అది తప్పలేదు.

అక్కడ దిగి నడిపించుకుంటూ దాటతానన్నాడు.